మూలుగ బొక్క మీద మోజు

కొవ్వు తినొద్దని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఆ మాట పక్కింటివాళ్లు కూడా చెబుతారు, పైగా ఫీజు అడగరు. కొత్తగా పాసై వచ్చిన కుర్ర డాక్టర్లు ఎవరైనా నన్ను చూడడానికి వస్తే నేను ఒకటే అడుగుతాను. తినొద్దన్నావు సరే, ఆ మనిషి ఎందుకు తింటున్నాడో అడిగావా అని. అడగరు. ఆ ప్రశ్న వాళ్ల పుస్తకాల్లో లేదు. నేను చదివిన పుస్తకాల్లోనూ లేదు. పందొమ్మిది వందల ముప్పైలలో, నలభైలలో హైదరాబాదు మొఘల్‌పురా దవాఖానాలో చిన్న డాక్టరుగా కూర్చుని, వచ్చినవాళ్ల నాలుకలు చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ ఇక్కడ రాయను. అవి పింఛను ఆఫీసువాళ్లకు గుర్తుంటే చాలు.

పెద్ద డాక్టరుగారి సిద్ధాంతం

మా దవాఖానా గోడకు ఆనుకునే ఒక నిహారీ హోటలు ఉండేది. రాత్రంతా సన్నని సెగ మీద మగ్గిన మాంసం పులుసు అది. పైన ఎర్రగా కొవ్వు తేలుతూ ఉంటుంది, దాన్ని తరీ అంటారు. పొద్దున మేం తలుపులు తీసేసరికే ఆ వాసన వచ్చి బెంచీల మీద కూర్చునేది. జనం ముందు అక్కడ తిని, తర్వాత మా దగ్గరికి కడుపునొప్పని వచ్చేవారు. రెండు దుకాణాలూ ఒకదాన్నొకటి పోషించుకునేవి.

మా పెద్ద డాక్టరుగారు విలాయతులో చదివొచ్చినవారు. మనిషి ఎండుకట్టె. అన్నం కూడా డ్యూటీ లాగే తినేవారు. ఆయన సిద్ధాంతం ప్రకారం కొవ్వు తినేవాళ్లు రెండే రకాలు, నవాబులు, సోమరులు. అందుకని షేర్వానీ వేసుకొచ్చినవాడికి అడక్కుండానే నెయ్యి బందు. పంచె కట్టుకొచ్చినవాడికి ఆ ప్రసక్తే లేదు. ఇంత సులువైన వైద్యం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఒక పురోహితుడు తరచు కడుపు పట్టుకుని వచ్చేవాడు. పంచె, పిలక, విభూతి. శాకాహారి గదా అని పెద్ద డాక్టరుగారు ప్రతిసారీ చూర్ణం ఇచ్చి పంపేవారు. ఒకరోజు ఆయన లేనప్పుడు నేను, పంతులుగారూ నెయ్యి ఎంత వాడతారు అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. నెయ్యి మీద తనకు ఆశ లేదనీ, అభిఘారం మాత్రం శాస్త్రం కాబట్టి చేసుకుంటాననీ అన్నాడు. ఎన్నిసార్లు అంటే ముద్దముద్దకూ అన్నాడు. సంగతి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, పంతులు సోమరుల కింద వస్తాడని తేల్చారు. సిద్ధాంతానికి మాత్రం దెబ్బ తగలనివ్వలేదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు. మతాన్ని బట్టో, కట్టిన గుడ్డను బట్టో నాలుకను అంచనా వెయ్యకండి. నిజానికి పెద్ద పెద్ద దేవిడీలలో, అంటే నవాబుల మహళ్లలో, పుట్టిన బేగములు కొందరు కొవ్వు వాసనకే ముక్కు మూసుకునేవారు. పుట్టినప్పటినుంచీ చూసిందే గదా, దాని మీద మోజేముంటుంది.

యూసుఫ్ బీడీ

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే యూసుఫ్ భాయ్ అని ఒకాయన ఉండేవాడు. పొద్దస్తమానం బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క మెత్తబరచి, గాజు చుట్టి, వేడి మీదే అద్దం ముక్కలు పొదగాలి. ఒక చేతిలో లక్క, నోట్లో బీడీ. ఒకటి ఆరకముందే దానితో ఇంకొకటి ముట్టించేవాడు. తరీ లేని తిండి తనకు గడ్డి తిన్నట్టుంటుందని చెప్పేవాడు. అజీర్తి ఆయనకు ఇంటి మనిషి.

ఆ ఏడు రంజాన్ నెలంతా పగలూ రాత్రీ బీడీ ముట్టనని మొక్కుకున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. పండుగ అయ్యాక దవాఖానాకు వచ్చాడు, రోగంతో కాదు, ఫిర్యాదుతో. మా పక్క నిహారీ హోటలువాడు కొవ్వు ఎక్కువ పోసి దగా చేస్తున్నాడట.

"మస్తు చర్బీ పోస్తుండు సాబ్. నాలుక మీద మైనం పూసినట్టే ఉంది. మీరు సర్కారోళ్లు, జర గట్టిగ చెప్పున్రి."

హోటలువాడు ఏమీ మార్చలేదు. అదే డేగిసా, అదే గరిటె. మారింది యూసుఫ్ నాలుక. ఇన్నేళ్లూ పొగలో పడుకుని ఉన్నది లేచి కూర్చుంది. నాకు ఆనందం పట్టలేదు, పెద్ద డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. నేను ఆయనకు చెప్పేసరికే యూసుఫ్ మళ్లీ బీడీ మొదలుపెట్టేశాడు, హోటలువాడు మళ్లీ నిజాయితీపరుడైపోయాడు. అయినా పాఠం పాఠమే. ఇలాంటివాడి చేతిలో గిన్నె లాక్కోకండి, నోట్లో బీడీ తీయించండి.

సరిగా నిద్రపోనివాళ్లనూ ఇలాగే చూశాను. రాత్రంతా పెద్ద గేటు దగ్గర కాపలా కాసేవాడికి తెల్లవారగానే నూనె కారే తిండే కావాలి, ఇంకేదీ ఆనదు. ఒంటరిగా తినేవాడూ, గబగబా మింగేవాడూ అంతే. మాట్లాడుతూ నలుగురితో తినేవాడి చెయ్యి కొంచెం ముందు ఆగుతుంది. ఆగుతుందనే అప్పట్లో అనుకున్నాను. నలుగురితో తినడమే రోగమైన మనిషి అప్పటికింకా నాకు తారసపడలేదు.

మల్లమ్మ చెయ్యి

ఒక దేవిడీ వంటింట్లో మసాలాలు నూరే మల్లమ్మ కాళ్ల వాపులతో వచ్చేది. పల్లెటూళ్లో గంజి తాగి పెరిగిన మనిషి. పట్నం వచ్చాక నెయ్యి డబ్బాల మధ్య పడింది. రొట్టె కన్నా రొట్టె మీద నెయ్యే ఎక్కువ తినేది. పెద్ద డాక్టరుగారు ఆమెను తిండిపోతువని నలుగురిలో తిట్టారు. తర్వాత కట్టు కట్టించుకుంటూ నాతో మెల్లగా అంది.

"నా నోరు చెప్తే ఇంటది బాంచెన్. చెయ్యే ఇనది. రేపు దొరుకుతదో లేదో అని దానికి భయం."

నాకు ఆ మాట గుచ్చుకుంది. పెద్ద డాక్టరుగారి మీద కోపం కూడా వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆకలి చూసిన మనిషికి కొవ్వు రుచి కాదు, ధైర్యం. యుద్ధం రోజుల్లో నెయ్యి కరువైతే అందరికీ మోజు తగ్గుతుందని ఆయన సంబరపడ్డారు. తగ్గలేదు సరికదా, అంతకుముందు నెయ్యి ఊసెత్తని గుమాస్తాలు కూడా దాని గురించి కలలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మల్లమ్మను తిట్టడం మానేసి, ఆమెకు వారానికి సరిపడా నెయ్యి ఒకేసారి ఇచ్చెయ్యమని దేవిడీ వంటమనిషికి చెప్పించాను. డబ్బా తన గూట్లో ఉందని తెలిశాక ఆ చెయ్యి కొంచెం నెమ్మదించింది. పూర్తిగా కాదు.

ఖాదర్ ఉస్తాద్

ఇప్పుడు అసలు సంగతి. మొఘల్‌పురాలో ఒక తాలీం ఉండేది, అంటే కుస్తీ నేర్పే చోటు. మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి తవ్విన గోదా. దానికి ఉస్తాద్ ఖాదర్ పహిల్వాన్. కుస్తీ పట్టడం ఎప్పుడో మానేశాడు గానీ కుస్తీ తిండి మానలేదు. పొద్దున నెయ్యిలో వేయించిన బాదం, మధ్యాహ్నం మాంసం, సాయంత్రం మీగడ. ఒళ్లు పింఛను తీసుకుంది, నాలుక మాత్రం డ్యూటీలోనే ఉంది. తల్లి నల్గొండ వైపు మనిషి కావడంతో మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. గల్లీలో ఏ తగాదా వచ్చినా జనం కొత్వాలీకి పోయేవారు కాదు, ఈయన దగ్గరికి పోయేవారు.

ఒకనాడు ఆయన్ను మంచం మీద మోసుకొచ్చారు. కుడి డొక్కలో నొప్పి, కళ్లు పసుపు. అంత మనిషీ పిల్లాడిలా మూలుగుతున్నాడు. పెద్దాసుపత్రి సర్జను చూసి పిత్తాశయంలో రాళ్లన్నాడు. ఈ వయసులో, ఈ ఒంటికి కత్తి పెట్టలేననీ, కొవ్వు ముట్టకుండా ఉంటే బతుకుతాడనీ, ఇంకో రెండు మూడుసార్లు ఇలా వస్తే తన చేతుల్లో ఉండదనీ చెప్పాడు. నేను ఉస్తాద్ ఇంటికి వెళ్లి ఆయనకూ శిష్యులకూ స్పష్టంగా చెప్పాను. నెయ్యి బందు, మీగడ బందు, నూనె బందు. పొద్దున్నే చాంద్రాయణగుట్ట దారిలో కాస్త నడవాలి.

నడక సంగతి మొదటి రోజే తేలిపోయింది. ఉస్తాద్ కాలినడకన పోతుంటే గల్లీ పరువు పోతుందని శిష్యులు వెనకాలే టాంగా తీసుకెళ్లి ఎక్కించుకొచ్చారు. నెయ్యి మాత్రం నిజంగానే మానిపించారు. కానీ నెల తిరగకుండానే నొప్పి మళ్లీ వచ్చింది, ముందుకన్నా గట్టిగా.

నేను అందరినీ నిలబెట్టి అడిగాను. పెద్ద శిష్యుడు జహంగీర్. తలుపు చౌకట్టులో పట్టనంత మనిషి, ఉస్తాద్ అంటే ప్రాణం పెట్టేవాడు. గోదా మట్టి చేతిలోకి తీసుకుని, చుక్క నెయ్యి కూడా ఇవ్వలేదని ప్రమాణం చేశాడు. మరి ఏం తింటున్నాడంటే గర్వంగా చెప్పాడు. నెయ్యి లేక ఉస్తాద్ నీరసపడతాడని, శిష్యులంతా వంతులు వేసుకుని రోజుకొక ఇంటినుంచి మూలుగ బొక్కలు, అంటే లోపల మెత్తటి మూలుగ నిండిన ఎముకలు, పంపుతున్నారు.

"నెయ్యి బంద్ అన్నరు సాబ్, బంద్ జేసినం. మూలుగ తాకత్ గదా. అది చర్బీ ఎట్లయితది?"

వాళ్ల లెక్కలో నెయ్యి పాలది, చర్బీ తోలు కిందిది. బొక్క లోపలుండేది మాత్రం జంతువు బలం, పహిల్వాన్‌కు అది మందు. ఇంత ప్రేమతో మనిషిని చంపబోయినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు.

పెద్ద డాక్టరుగారు ఇక స్వయంగా రంగంలోకి దిగారు. ఎవరి ఒంట్లోంచో తీసిన పిత్తాశయపు రాళ్లు ఒక సీసాలో పెట్టుకుని తాలీంకు వెళ్లారు. అవి చూపించి, మీ ఉస్తాద్ కడుపులో ఇవే ఉన్నాయి, చూడండి అన్నారు. ఆయన ఉద్దేశం భయపెట్టడం. సీసా చేతులు మారింది. పహిల్వాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒంట్లో రాళ్లు పుట్టించాడంటే మా ఉస్తాద్ మామూలు మనిషి కాదు అని ఒకడన్నాడు. సాయంత్రానికి గల్లీలో ఉస్తాద్ పేరు ఇంకా పెరిగింది. పెద్ద డాక్టరుగారు సీసా తిరిగి తెచ్చుకుని, ఆ కేసు నాకు అప్పగించారు.

ఆ సప్పుడు

ఇంట్లో మూలుగ ఆగింది. అయినా ఉస్తాద్‌కు నొప్పి వస్తూనే ఉంది. కొన్నాళ్లకు నాకు లెక్క తెలిసింది, దావత్‌కు, అంటే విందుకు, వెళ్లిన మర్నాడే వస్తోంది. పాతబస్తీలో దావత్ లేని వారమేది. పెళ్లి, మర్నాడు పెళ్లికొడుకు ఇంట్లో వలీమా విందు, పేరు పెట్టడం, పోయినవాళ్లకు నలభయ్యో రోజు ఫాతెహా.

ఆ గల్లీలో ఒక రివాజు ఉండేది. భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరూ కూర్చున్నాక, పెద్ద మూలుగ బొక్క ముందు ఉస్తాద్ పళ్లెంలోకి వస్తుంది. ఆయన దాన్ని పళ్లెం అంచుకేసి టక్కుమని కొట్టి మూలుగ జుర్రితేనే మిగతావాళ్ల చేతులు అన్నంలో పడతాయి. అంతవరకు ఎంత ఆకలి ఉన్నా ఎవరూ కదలరు. ఆయన ముట్టలేదంటే ఆ ఇంటితో ఆయనకు పొసగలేదని అర్థం. మర్నాటినుంచి ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు కూడా ఆలోచిస్తారు.

నేను ఉస్తాద్ ఇంటికి వెళ్లి, దావత్‌లు మానండి లేదా బొక్క మానండి, ప్రాణం పోతుంది అన్నాను. ఆయన తల దించుకున్నాడు. పర్దా వెనకనుంచి ఆయన భార్య హాజరాబీ మాట్లాడింది. అంతకుముందు ఆమె గొంతు నేను వినలేదు.

"ఆయనకు చర్బీ మోజు లేదు డాక్టర్ సాబ్. ఆ సప్పుడు మోజు. బొక్క కొడ్తే వంద మంది చెయ్యి లేస్తది. గది ఎట్ల ఇడుస్తడు?"

ఉస్తాద్ ఆమెను కసరలేదు. ఆ బొక్కను వేరేవాళ్ల పళ్లెంలో పెట్టే దారి ఒకటుందన్నాడు. అలా పెడితే ఇక ఆ మనిషే తాలీంకు ఉస్తాద్. అందుకే ఇన్నాళ్లూ పెట్టలేదన్నాడు. మందుల పెట్టె తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత వచ్చిన దావత్ జహంగీర్ తమ్ముడి వలీమా. నన్నూ పిలిచారు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా పగలదు గానీ నేను మొఘల్‌పురా నీళ్లు తాగినవాణ్ణి. ఈ సంగతి మా అమ్మకు తెలియదు, తెలిసినా తెలియనట్టే ఉండేది. ఉస్తాద్ పక్కనే కూర్చోబెట్టారు. బిర్యానీ వచ్చింది, వెనకాలే చేతి పొడవు బొక్క వచ్చి ఆయన పళ్లెంలో పడింది. కొద్ది రోజుల కింద వచ్చిన నొప్పికి ఆయన కళ్లలో పసుపు ఇంకా పోలేదు. ఆ బొక్క కొడితే ఈసారి బతకడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన బొక్క చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. ఎదురుగా వడ్డించడానికి వంగిన జహంగీర్‌ను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, అతని పళ్లెంలో పెట్టాడు. జహంగీర్ ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఆ కొండంత మనిషి గుక్కపట్టి ఏడ్చాడు. బొక్క ముట్టనంటాడు. అన్నం చల్లారుతోంది. వంద మంది చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు.

"కొట్టు బేటా," అన్నాడు ఉస్తాద్. "మంది ఆకలి మీదున్నరు."

జహంగీర్ కొట్టాడు. వంద చేతులు లేచాయి. ఉస్తాద్ రొట్టె తుంచుకుని దాల్చా పప్పులో అద్దుకుని తిన్నాడు. ఆ మర్నాడు ఆయనకు నొప్పి రాలేదు.

మందు పనిచేసిన తర్వాత

ఇక్కడ ఆపితే ఇది మంచి కేసు. మీ పుస్తకాల్లో ఇక్కడే ఆపుతారు. ఉస్తాద్ కళ్లు తెల్లబడ్డాయి, ఒళ్లు తేలికైంది. పెద్ద డాక్టరుగారు ఈ కేసును అప్పటికప్పుడు పుట్టించిన మనోబల సిద్ధాంతానికి ఉదాహరణగా అందరికీ చెప్పుకున్నారు, చెప్పుకోనివ్వండి.

కొన్ని నెలల తర్వాత ఉస్తాద్ రోజూ దవాఖానాకు రావడం మొదలుపెట్టాడు. ఒక్కడే, కాలినడకన. టాంగా తెచ్చేవాళ్లెవరూ లేరు. తగాదాలు జహంగీర్ దగ్గరికి పోతున్నాయి, దావత్‌లలో మొదటి చోటు అతనిదే. అతను చెడ్డవాడు కాదు, కనబడితే కాళ్లు మొక్కేవాడు. కానీ రివాజు రివాజే. ఒకరోజు నొప్పి ఉందా అని అడిగితే ఉస్తాద్ లేదన్నాడు.

"నొప్పి ఉన్నప్పుడు మంది వస్తుండ్రి డాక్టర్ సాబ్," అన్నాడు. "గిప్పుడేం రోగం లేదు. ఎవ్వరు రారు."

మనిషిని బతికించి ఇలా కూర్చోబెట్టానా అని నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. దీనికి చూర్ణం లేదు. మీరు ఎవరి పళ్లెంలోంచి ఏది తీసినా, దానితోపాటు ఇంకేం పోతుందో చూసుకోండి. నేను చెప్పగలిగింది అంతే, అంతకుమించి నాకూ తెలియదు.

ఆ వారం ఆయన ఇంటికి భోజనానికి వెళ్లాను, పిలవకుండానే. హాజరాబీ లోపలినుంచి రొట్టెలూ పప్పూ పంపింది. తాలింపు లేదు, నూనె బొట్టు లేదు. ఇంత చప్పటి పప్పు నేను ఆసుపత్రిలో కూడా తినలేదు. ఇద్దరికీ పళ్లేలు పెట్టారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తినండి, సల్లారుతది అన్నాడు ఉస్తాద్. నేను కదలలేదు. ఆయన నా చేతులకేసి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. అర్థమైంది. మీసాల్లోంచి నవ్వాడు. చూపుడు వేలు వంచి, పళ్లెం అంచు మీద టక్కుమని ఒక్కసారి కొట్టాడు.

అప్పుడు ఇద్దరం తిన్నాం.